టర్బో డీజిల్ కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్ మనమే బిగించుకోవడం, బెజవాడ ఎండకీ దుమ్ముకీ తట్టుకునేలా

పోయిన ఏడాది మే నెలలో నా కారు పికప్ బాగా పడిపోయింది. గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్ గేటు దాటాక థర్డ్ గేర్లో ఎంత తొక్కినా లాగట్లేదు, అద్దంలో చూస్తే వెనకాల నల్లటి పొగ. సరే అని ఆటోనగర్లో మా మెకానిక్ బాబాయ్ దగ్గర వదిలేసి సాయంత్రం వెళ్లా. ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం, విప్పి బల్ల మీద పెట్టి ఉంచాడు. "ఇటు రా అబ్బాయ్, ఇందులో వేలు పెట్టి చూడు" అన్నాడు. పెడితే లోపల గోడంతా చిటికెన వేలు మందాన నల్ల మడ్డి పట్టేసి ఉంది, గాలి వెళ్లాల్సిన దారి సగానికి సగం మూసుకుపోయింది. గోరుతో గీకితే తారు లాగా సాగుతోంది, ఇంటికెళ్లి బట్టల సబ్బుతో మూడుసార్లు కడిగినా గోళ్ల సందుల్లోంచి పోలేదు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగిన బండి, సర్వీసు ఒక్కటి కూడా తప్పించలేదు, అయినా లోపల ఇలా ఉంది. ఆ రోజే క్యాచ్ క్యాన్, అంటే ఇంజన్ నుంచి వచ్చే ఆయిల్ తుంపరని మధ్యలోనే పట్టేసే డబ్బా, పెట్టాలని డిసైడ్ అయిపోయా. పెట్టి ఏడాది దాటింది, మధ్యలో ఒకసారి తప్పు చేసి సరిదిద్దుకున్నా కూడా, అందుకే మొత్తం వివరంగా రాస్తున్నా.

ముందు అసలు ఆ మడ్డి ఎలా వస్తుందో తెలియాలి, అది తెలిస్తే క్యాన్ ఏ పైపులో కలపాలో ఏ పైపులో కలపకూడదో మీకే అర్థమైపోద్ది. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండర్లో మంట రేగినప్పుడు కొంచెం గాలి రింగుల పక్కల నుంచి కిందకి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. దీన్నే బ్లో బై అంటారు. కింద క్రాంకు గిరగిరా తిరుగుతూ ఆయిల్ని చిలుకుతూ ఉంటుంది కదా, ఈ గాలి ఆ ఆయిల్ తుంపర్లని కలుపుకుని పైకి వస్తుంది. దానికి బయటికి దారి ఇవ్వకపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్లు తన్నేస్తాయి, అందుకే ఇంజన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ మీద బ్రీదర్ పైపు పెడతారు. పాతకాలం బళ్లలో ఆ పైపుని కింద రోడ్డు మీదకి వదిలేసేవాళ్లు, 1960ల మొదట్లో అమెరికాలో పొగ కాలుష్యం మీద పట్టుబట్టాక ఆ గాలిని మళ్లీ ఇంజన్‌కే తాగించే పద్ధతి వచ్చింది. మన టర్బో డీజిల్ కార్లలో ఆ పైపు సాధారణంగా ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్యలో ఉన్న పెద్ద గొట్టంలో కలుస్తుంది. అక్కడ నుంచి ఆయిల్ తుంపర టర్బోలోకి, ఇంటర్‌కూలర్‌లోకి, చివరికి మానిఫోల్డ్‌లోకి పోద్ది. ఇటు పక్క నుంచి ఈజీఆర్ వాల్వ్ పొగ గొట్టంలోంచి మసి తెచ్చి అదే మానిఫోల్డ్‌లో కలుపుతుంది. ఉత్త మసి అయితే చాలావరకు గాలితో పాటు పోతుంది, జిడ్డు మీద పడ్డ మసి మాత్రం అతుక్కుని పేరుకుంటుంది. వంటింటి చిమ్నీ జాలీకి నూనె ఆవిరి, దుమ్ము కలిసి పట్టేది కూడా ఇలాంటిదే.

క్యాచ్ క్యాన్ చేసే పని చాలా చిన్నది. ఆ బ్రీదర్ పైపు మధ్యలో ఒక అల్యూమినియం డబ్బా పెడతాం, గాలి ఇరుకు పైపులోంచి విశాలమైన డబ్బాలోకి రాగానే వేగం తగ్గుతుంది, కాస్త చల్లబడుతుంది, లోపలున్న అడ్డు పలకలకీ జాలీకీ కొట్టుకుని తుంపర్లు చుక్కలై కిందకి దిగిపోతాయి, మిగతా గాలి ఎప్పటిలాగే టర్బోకి వెళ్లిపోతుంది. అంతే. ఇందులో పవర్ పెరగడం, మైలేజీ పెరగడం ఏమీ ఉండదు, అలా చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. ఇప్పటికే పట్టిన మడ్డిని కూడా ఇది కడగదు, అందుకే మానిఫోల్డ్, ఈజీఆర్ ఒకసారి విప్పి శుభ్రం చేయించాకే క్యాన్ పెట్టడం మంచిది. ఈజీఆర్‌ని రేకుముక్కతో మూసేయమని కూడా కొంతమంది సలహా ఇస్తారు. వద్దండి, అది కాలుష్యం తగ్గించడానికి పెట్టిన భాగం, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

అందరికీ ఇది అవసరమా అంటే కాదు. మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోల్ కారులో ఇంజెక్టర్ పెట్రోల్ని ఇన్‌టేక్ వాల్వుల వెనక నుంచే చిమ్ముతుంది, పెట్రోల్ తగిలి వాల్వులు ఎప్పటికప్పుడు కడిగినట్టు అవుతాయి, కాబట్టి అలాంటి బండికి డబ్బులు పెట్టడం దండగ. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ కార్లు అలా కాదు, పెట్రోల్ నేరుగా సిలిండర్లో పడుతుంది, వాల్వులకి ఆ స్నానం ఉండదు, జిడ్డు వాటి మీదే కాలి బొగ్గులా పట్టేస్తుంది. వాటికీ, ఈజీఆర్ ఉన్న టర్బో డీజిళ్లకీ దీని వల్ల ఉపయోగం ఉంది. ఇంకా వారంటీలో ఉన్న బండి అయితే ఆగండి, రేపు టర్బో పోయినా ఇంజన్ పోయినా బయటి డబ్బా పెట్టారని క్లెయిమ్ ఆపేసే అవకాశం ఉంటుంది. అలాగే కొన్ని కొత్త బళ్లలో బ్రీదర్ పైపుకి వైరు కనెక్టర్ ఉంటుంది, మీ దానికి అలా కనిపిస్తే ఆ పైపు జోలికి మీరు పోవద్దు.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ ఆరోగ్యం చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తిప్పి వదులు చేసి, తియ్యకుండా అక్కడే ఊరికే పెట్టి చూడండి. మూత సన్నగా వణకడం, కొంచెం ఆవిరి రావడం డీజిల్‌లో మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ బుసబుసమంటూ కొడుతుంటే రింగులు, బోరు అరిగాయని అనుమానించాలి, కంప్రెషన్ టెస్ట్ చేయించుకోవాలి. అలాంటి బండికి క్యాన్ పెడితే వారానికే నిండిపోద్ది, జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆ మూత ఎలా ఆడిందో ఫోన్లో పది సెకన్లు వీడియో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. గేజీ కర్ర తీసి ఆయిల్ లెవెల్ కూడా చూడండి, పై గీత దాటి పోసి ఉంటే క్రాంకు దాన్ని ఎక్కువ చిలికి తుంపర ఎక్కువ లేపుతుంది, ముందు అది సరిచేయాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా. ఫిల్టర్ మూసుకుపోతే టర్బో గట్టిగా పీలుస్తుంది, ఆ పీల్పుడుకి బ్రీదర్‌లోంచి ఆయిల్ ఇంకా ఎక్కువ వస్తుంది, మన ఇబ్రహీంపట్నం వైపు బూడిద లారీల వెనక రోజూ తిరిగేవాళ్లు ఫిల్టర్ని బుక్కులో రాసిన కిలోమీటర్ల దాకా ఉంచకుండా ముందే చూసుకోవాలి.

ఇంకో మాట, 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్లలో మునిగాయో మనందరం చూశాం. ఆ తర్వాత కొన్న సెకండ్ హ్యాండ్ బండి అయితే గేజీ కర్ర మీద ఆయిల్ మజ్జిగ రంగులో ఉందా, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ ఉందా చూడండి. ఉంటే క్యాన్ సంగతి పక్కనపెట్టి నీళ్లు ఎక్కడ నుంచి కలుస్తున్నాయో ముందు తేల్చుకోండి.

ఇక క్యాన్ కొనడం. ఆన్‌లైన్లో రంగురంగుల డబ్బాలు బోలెడు, చాలావాటిలో లోపల ఏమీ ఉండదు, ఉత్త ఖాళీ డబ్బా, గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి తుంపరతో సహా వెళ్లిపోతుంది. లోపల అడ్డు పలక, జాలీ ఉన్నదే తీసుకోండి, మూత విప్పి శుభ్రం చేసుకునేలా ఉండాలి, లెవెల్ చూసుకోవడానికి గేజీ గానీ కింద డ్రెయిన్ కాక్ గానీ ఉండాలి, 300 నుంచి 500 ఎంఎల్ పట్టేది ఇంట్లో వాడుకునే కారుకి చాలు. నెత్తి మీద చిన్న ఫిల్టర్ బుడిపె పెట్టి గాలిని బయటికి వదిలేసే రకం మాత్రం వద్దే వద్దు. ఆ కంపు ఏసీలోంచి క్యాబిన్లోకి వస్తుంది, పిల్లలు వెనక సీట్లో కూర్చుని అది పీలుస్తారు, పైగా కంపెనీ క్లోజ్డ్‌గా ఇచ్చిన సిస్టమ్‌ని తెరిచి వదిలెయ్యడం చట్టం ప్రకారం కూడా తప్పు. రెండు నాజిళ్లు ఉండి మిగతాదంతా మూసి ఉన్న డబ్బానే కావాలి.

నాజిల్ సైజు దగ్గరే నేను మొదట తప్పు చేశా. నా కారు బ్రీదర్ పైపు లోపలి కొలత 19 ఎంఎం, డబ్బాతో వచ్చిన నాజిల్ ఏమో 12 ఎంఎం కూడా లేదు, ఏముందిలే అని రెడ్యూసర్ పెట్టి బిగించేశా. పది రోజులకి టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర తడి కనిపించింది, గేజీ కర్ర దాని గూట్లోంచి కాస్త పైకి లేచి ఉంది. గాలి పోయే దారి ఇరుకై క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ నిలబడిపోయిందన్నమాట. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పి ఉంటే క్రాంకు వెనక సీలు పోయేది, అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. మర్నాడే డబ్బా పీకేసి ఆటోనగర్లో లేత్ షాపుకి పట్టుకెళ్లి, 19 ఎంఎం పైపుకి సరిపోయే అల్యూమినియం నాజిళ్లు రెండు తిప్పించి, డబ్బా రంధ్రాలు పెద్దవి చేయించి మరలు కోయించా, గంటలో పని అయిపోయింది. మీరు మాత్రం ముందే వెర్నియర్‌తో పైపు కొలిచి, దానికంటే సన్నం ఎక్కడా కాకుండా చూసుకోండి. కొత్త డబ్బాని నోటితో ఊది చూడండి, ఏ ఆటంకం లేకుండా గాలి హాయిగా పోవాలి, బుగ్గలు ఉబ్బించి ఊదాల్సి వస్తే జాలీ ఎక్కువ కుక్కారని అర్థం.

ఊదడం అయ్యాక డబ్బా విప్పి కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో కడిగి ఎయిర్ కొట్టండి. కొత్త డబ్బాల్లో మరలు కోసినప్పటి అల్యూమినియం పొట్టు మిగిలిపోయి ఉంటుంది, నా దాంట్లో తెల్ల గుడ్డ మీద దులిపితే మెరిసే రజను వచ్చింది. డబ్బా అవుట్ పైపు పోయేది నేరుగా టర్బో రెక్కల్లోకి, నిమిషానికి లక్ష చుట్లు పైన తిరిగే రెక్కలవి, ఇసుక రేణువంత లోహం కూడా వాటికి దెబ్బే. అందుకే కొంతమంది లోపల సన్న ఇనుప ఊలు కుక్కుతారు చూడండి, అది అస్సలు చెయ్యొద్దు, తుప్పు పట్టి పోగులు పోగులుగా ఊడి వెళ్లిపోద్ది.

పైపు విషయంలో కూడా కక్కుర్తి పడొద్దు. రేడియేటర్‌కీ హీటర్‌కీ వాడే రబ్బరు పైపు నీళ్ల కోసం చేసింది, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోద్ది. మొక్కలకి నీళ్లు పెట్టే ప్లాస్టిక్ ట్యూబ్ అయితే మరీ ఘోరం, మన మే నెల ఎండకి బానెట్ కింద వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, నొక్కుకుపోతే మళ్లీ అదే ప్రెషర్ గోల. నైట్రైల్ రబ్బరు, లోపల నూలు అల్లిక ఉన్న ఆయిల్ హోస్ అడగండి, కౌంటర్ దగ్గర ఆయిల్‌కే కదా అని రెండుసార్లు అడిగి తీసుకోండి. కొలిచినదానికంటే అరమీటరు ఎక్కువ తీసుకోండి, వంపు తిప్పేటప్పుడు పొట్టిదైపోతే పైపు మడత పడుతుంది. నాలుగు క్లిప్పులు, బ్రాకెట్‌కి వాషర్లు, నైలాక్ నట్లు, కొన్ని జిప్ టైలు కావాలి. పానాల్లో 10 నంబర్, 12 నంబర్, స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లయర్ ఉంటే సరిపోతాయి.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది. టర్బోకీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ దూరంగా, ముందు నుంచి గాలి తగిలే చోటు చూడండి, డబ్బా ఎంత చల్లగా ఉంటే లోపల అంత బాగా ఆయిల్ దిగుతుంది. హెడ్‌లైట్ వెనకాల, బ్యాటరీ పక్కన సాధారణంగా చోటు దొరుకుతుంది. బ్యాటరీ పక్కనైతే డబ్బా గానీ బ్రాకెట్ గానీ ప్లస్ టెర్మినల్‌కి తగిలే వీలే లేకుండా ఉండాలి. నేను బ్యాటరీ ట్రే ముందున్న 10 నంబర్ బోల్టు విప్పి దానికే బ్రాకెట్ వేసుకున్నా, బాడీకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టలేదు, రేపు బండి అమ్మేటప్పుడు అరగంటలో పీకేసి పాత పైపు పెట్టెయ్యొచ్చు. డబ్బా నిటారుగా ఉండాలి. బానెట్ మూస్తే తగలకూడదు, దీనికి డబ్బా మూత మీద చపాతీ పిండి ముద్ద ఒకటి పెట్టి బానెట్ మెల్లగా మూసి తీస్తే ముద్ద ఎంత నొక్కుకుందో తెలిసిపోద్ది, వేలు మందం మిగిలితే చాలు. ఇంజన్ ఊగుతుంది, బాడీ ఊగదు, కాబట్టి ఇంజన్ నుంచి డబ్బాకి వచ్చే పైపులో కాస్త వదులు ఉంచండి, కానీ ఆ వదులు కిందకి వేలాడి ఉయ్యాలలా వంపు పడకూడదు, ఆ వంపులో ఆయిల్ నిలబడి దారి మూసేస్తుంది. పైపు వాలు ఎప్పుడూ ఏదో ఒక పక్కకి, డబ్బా వైపుకో ఇంజన్ వైపుకో ఉండాలి.

బిగించడం ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంటుంది, ఎండ ఎక్కకముందే అయిపోతుంది. ముందు బానెట్ కింద దుమ్మంతా తడిగుడ్డతో తుడవండి, పైపు విప్పినప్పుడు పైనున్న ఇసుక లోపల పడకూడదు. తర్వాత పాత బ్రీదర్ పైపు రెండు కొసలూ ఎలా ఉన్నాయో ఫోటో తీసుకుని క్లిప్పులు వదులు చేసి మెల్లగా మెలితిప్పుతూ లాగండి. ఏళ్ల తరబడి వేడికి టాపెట్ కవర్ మీద ప్లాస్టిక్ నాజిల్ పెళుసుబారి ఉంటుంది, బలంగా ఊపితే విరుగుద్ది, విరిగితే కవర్ మొత్తం మార్చాలి. పైపు రాగానే తెరిచిన రెండు మూతుల్లోనూ శుభ్రమైన గుడ్డ పేలికలు పెట్టెయ్యండి, కనపడేలా కాస్త బయటికి వేలాడేలా, మళ్లీ బిగించేటప్పుడు మర్చిపోకుండా. కంపెనీ పైపుని కత్తిరించకండి, కవర్లో చుట్టి దాచిపెట్టండి, కొత్త పైపులే రెండు ముక్కలు కోసుకోండి. కోసిన కొసలు తుడిచి లోపల రబ్బరు పొడి లేకుండా ఊదండి.

ఇంజన్ నుంచి వచ్చేది డబ్బా ఇన్ నాజిల్‌కి, అవుట్ నాజిల్ నుంచి టర్బో ముందున్న గొట్టానికి. ఇది తిరగేస్తే కొన్ని డబ్బాల్లో అడుగున పట్టిన ఆయిల్నే పీల్చి పంపించేస్తుంది, కాబట్టి గుర్తులు లేకపోతే మూత విప్పి చూడండి, లోపల పలక కిందకి దిగే పొడుగు గొట్టం ఉన్నది ఇన్. కారులో బిగించే ముందే బల్ల మీద డబ్బాకి రెండు పైపులూ క్లిప్పులతో బిగించి, ఒక కొస బొటనవేలితో గట్టిగా మూసి ఇంకో కొసలోంచి ఊదుతూ కీళ్ల మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగ వస్తే లీకే. ఈ ఒక్క పరీక్షకి ఐదు నిమిషాలు పడుతుంది గానీ దీన్ని మించింది లేదు, ఎందుకంటే అవుట్ పైపు ఎయిర్ ఫిల్టర్ దాటాక కలుస్తుంది, అక్కడ లీకుంటే ఫిల్టర్ తగలని దుమ్ము నేరుగా టర్బోలోకి, అక్కడ నుంచి సిలిండర్లలోకి పోద్ది. జిడ్డు ఆపడానికి పెట్టిన డబ్బా దుమ్ముకి తలుపు తీసినట్టవుద్ది, అప్పుడు అది లేకపోవడమే నయం. మరల దగ్గర లీకైతే టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టండి, గ్యాస్కెట్ పేస్టు ధారాళంగా పూస్తే ముక్కలు ఊడి లోపలికి పోతాయి. క్లిప్పులు పైపు ఉబ్బేంత కాదు, చేత్తో తిప్పితే పైపు తిరగనంత బిగిస్తే చాలు.

టర్బో పెట్రోల్ బండివాళ్లకి ఇంకొంచెం జాగ్రత్త ఉంది. వాటిలో రెండు దారులు ఉంటాయి, ఒకటి పీసీవీ వాల్వ్, అంటే క్రాంక్‌కేస్ గాలిని ఒక దిక్కుకే పోనిచ్చే వాల్వ్, గుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, రెండోది టర్బో ముందు గొట్టానికి. మానిఫోల్డ్ వైపు వ్యాక్యూమ్ గట్టిగా ఉంటుంది, పల్చటి పైపు అయితే చప్పిడిగా అతుక్కుపోతుంది. పీసీవీ వాల్వ్‌ని తీసెయ్యకూడదు, దాని చోట దాన్ని ఉంచి ఆ దారిలో డబ్బా కలపాలి, వాల్వ్ లేకపోతే టర్బో గాలిని నొక్కి పంపినప్పుడు, అంటే బూస్ట్ వచ్చినప్పుడు, ప్రెషర్ వెనక్కి క్రాంక్‌కేస్‌లోకి కొడుతుంది. ఆ వైపు లీకుంటే ఐడిల్ పైకీ కిందకీ ఊగుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్‌లో లీన్ కోడ్, అంటే పెట్రోల్‌కి గాలి ఎక్కువైందని చెప్పే పీ0171 లాంటిది, చూపిస్తుంది. నా అభిప్రాయం ఏంటంటే పెట్రోల్ బండికి మొదటిసారి పెడుతుంటే పక్కన తెలిసిన మెకానిక్ ఉండాల్సిందే. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వ్ టాపెట్ కవర్‌లోనే కలిసిపోయి ఉంటుంది, బయట నుంచి పైపు కూడా కనపడదు.

అంతా బిగించాక గుడ్డ పేలికలు రెండూ బయట ఉన్నాయా లెక్కపెట్టుకుని స్టార్ట్ చెయ్యండి. వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి కీళ్ల దగ్గర చెవి పెట్టి వినండి, ఈల లాంటి శబ్దం రాకూడదు. ఇప్పుడు మళ్లీ ఆయిల్ మూత పరీక్ష, ఇందాక తీసిన వీడియో పక్కన పెట్టుకుని చూడండి, మూత అప్పటికంటే ఎక్కువ ఎగురుతుంటే మీ డబ్బాలోనో పైపులోనో ఇరుకు ఉన్నట్టే. ఇంకా స్పష్టంగా కావాలంటే మూత తీసేసి ఆ మూతికి మందుల షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లౌజు తొడిగి రబ్బరు బ్యాండు గట్టిగా వేసి, బెల్టుల వైపు పడకుండా పట్టుకుని ఐడిల్‌లో చూడండి. మా బాబాయ్ చూపించిన కిటుకు ఇది. గ్లౌజు మెత్తగా పడి ఉంటేనో కాస్త లోపలికి పీల్చుకుంటేనో బాగున్నట్టు, ఐదు వేళ్లూ విచ్చుకుని చెయ్యి పైకెత్తినట్టు బిగుసుకుని నిలబడిందంటే ప్రెషర్ నిలుస్తోంది. నా 12 ఎంఎం నాజిల్ రోజుల్లో ఈ పరీక్ష చేసి ఉంటే నిలబడేదే అనుకుంటా, పెద్ద నాజిళ్లు పెట్టాక చేస్తే వేళ్లు వాలిపోయి ఉన్నాయి, అది చూశాక గానీ నా మనసు కుదుటపడలేదు. తర్వాత బెంజి సర్కిల్ దాకా ఒక రౌండు వేసి వచ్చి అన్ని క్లిప్పులూ మరోసారి చూడండి, వేడికి రబ్బరు సర్దుకుని ఒకటి రెండు వదులవుతాయి.

ఇక అసలు పని ఇక్కడ నుంచే. డబ్బాని పెట్టి మర్చిపోతే మాత్రం ప్రమాదం. నిండిపోయిన డబ్బాలోంచి ఆయిల్ ఒక్కసారిగా టర్బోలోకి పోతే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్నే ఇంధనంగా తాగి తనంతట తాను రేస్ అయిపోతుంది, తాళం తీసేసినా ఆగదు, దాన్ని రన్ అవే అంటారు. అందుకే మొదటిసారి 500 కిలోమీటర్లకి, తర్వాత 1000కి చూడండి, ఎంత పడుతుందో లెక్క తెలిశాక మీకు మీరే గడువు పెట్టుకోవచ్చు, కానీ సగం డబ్బా దాటనివ్వకండి. నా బండికి రెండు వేల కిలోమీటర్లకి సుమారు ఒక టీ గ్లాసులో మూడో వంతు వస్తుంది. మొదటిసారి తీసినప్పుడు ఖాళీ నీళ్ల సీసాలో పట్టి రాత్రంతా గట్టు మీద వదిలేశా, పొద్దున చూస్తే అడుగున బురద నీళ్లలా ఒక పొర, మధ్యలో మజ్జిగ లాంటి నురగ, పైన నల్లటి ఆయిల్, మూత తీస్తే డీజిల్ వాసన గుప్పుమంది. అంటే అది ఒట్టి ఆయిల్ కాదు, నీటి ఆవిరి, కాలని డీజిల్ అన్నీ కలిసిన రసం. కాబట్టి దాన్ని తిరిగి ఇంజన్లో పొయ్యాలని ఎప్పుడూ అనుకోకండి. డిసెంబర్, జనవరి పొద్దుటి పూట పటమట నుంచి గవర్నర్‌పేట లాంటి చిన్న దూరాలే తిరిగితే ఆ నీళ్ల పాలు ఎక్కువ వస్తుంది, తెల్లగా ఉందని కంగారు పడొద్దు. డబ్బాలో తెల్లగా ఉండి గేజీ కర్ర మీద మాత్రం ఆయిల్ మామూలు రంగులో ఉండి, కూలెంట్ తగ్గకపోతే అది ఆవిరి నీళ్లే. కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి.

హఠాత్తుగా లెక్క మారితే కూడా పట్టించుకోండి. ఎప్పుడూ మూడో వంతు గ్లాసు వచ్చేది ఒక్కసారి గ్లాసు నిండా వచ్చిందంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, ఆయిల్ ఎక్కువ పోశారో, రింగులు మొదలయ్యాయో ఏదో ఒకటి ఉంటుంది. నేను చిన్న నోటు బుక్కు డ్యాష్‌బోర్డులో పెట్టుకుని తారీఖు, రీడింగు, ఎంత వచ్చింది అని రాస్తున్నా.

తీసిన ఆయిల్ని బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో రైవస్ కాలువలోనో ఒంపకండి, వీధి డ్రెయిన్లో పోసినా చివరికి చేరేది వాటిలోకే, కింద ఊళ్లవాళ్లు ఆ నీళ్లే పొలాలకి పెడతారు. సీసాలో దాచిపెట్టి సర్వీసుకి వెళ్లినప్పుడు మెకానిక్ షెడ్డులో వాడేసిన ఆయిల్ డ్రమ్ము ఉంటుంది కదా, అందులో పోయించండి. అదే రోజు డబ్బా విప్పి జాలీని కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి, పైపులని వేళ్లతో నొక్కి చూడండి, మెత్తగా ఉబ్బినట్టు గానీ పగుళ్లు గానీ ఉంటే మార్చెయ్యండి. సర్వీసు అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి, "తమ్ముడూ, దీనికి క్యాన్ ఉంది, ఎయిర్ ఫిల్టర్ తీసేటప్పుడు ఈ పైపు లాగకు, లాగితే క్లిప్పు మళ్లీ బిగించు" అని. బండి ఇంటికి రాగానే బానెట్ ఎత్తి ఆ నాలుగు క్లిప్పులూ మీ చేత్తో మీరే ఒకసారి తిప్పి చూసుకోండి.